భూమి ఇంతమందిని మోయగలదా?

మార్చి నెల దాటితే రెడ్డిగూడెం, నూజివీడు, మైలవరం మెట్ట గ్రామాల సంఘాల్లో ప్రార్థన మనవుల తీరు మారిపోతుంది. జ్వరాలు, ఉద్యోగాలు, పెళ్లి సంబంధాల సరసన ఇంకో మనవి వచ్చి చేరుతుంది: మా బోరు కోసం ప్రార్థించండి. నీళ్లు తగ్గిపోయాయని ఒకరు, మోటారు వేసిన కాసేపటికే నీళ్లు ఆగిపోతున్నాయని మరొకరు, కొత్తగా వేసిన బోరు కూడా పడలేదని ఇంకొకరు. ఆ మాటల వెనకే ఒక ప్రశ్న వినిపిస్తుంది. జనం ఇలా పెరిగిపోతూ ఉంటే ఈ భూమి ఎక్కడ చాలుతుంది?

ప్రశ్న సహజమైనదే. 2022 నవంబరు 15న ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరినట్టు ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. మరుసటి ఏడాది మన దేశం చైనాను దాటి అత్యధిక జనాభా గల దేశమైంది. ఇది చూసి మన సంఘాల్లో సాధారణంగా రెండు జవాబులు వస్తున్నాయి. నారు పోసినవాడు నీరు పోయడా అన్నది మొదటిది. బీదవాళ్లు లెక్కాపత్రం లేకుండా పిల్లల్ని కనడం వల్లే ఇదంతా అన్నది రెండోది. మొదటిది విశ్వాసంలా కనిపిస్తుంది, రెండోది తెలివిలా కనిపిస్తుంది. కానీ రెండూ చేసే పని ఒక్కటే. ఒకటి మన చూపును ఆకాశం వైపు తిప్పుతుంది, రెండోది పక్కవాడి ఇంటి వైపు తిప్పుతుంది. మన సొంత పొలంలోని బోరు వైపు మాత్రం రెండూ చూడనివ్వవు.

ఈ వారం ఆ బోరు వైపు చూద్దామని మా మనవి. అంతకంటే ముందు వాక్యం వైపు చూద్దాం.

అబ్రాము, లోతుల మధ్య ఏం జరిగింది?

భూమి మనుషులను మోయలేకపోయిన సంగతి బైబిలులో ఒకచోట స్పష్టంగా ఉంది. ఆదికాండము 13వ అధ్యాయం చదవండి. అబ్రాము, అతని సహోదరుని కుమారుడు లోతు ఐగుప్తు నుండి కనానుకు తిరిగి వచ్చారు. ఇద్దరూ ఒక్కచోట కలిసి ఉండడానికి ఆ ప్రదేశం చాలలేదని లేఖనం చెబుతోంది. కారణం కూడా అక్కడే ఉంది. వారి కుటుంబాల్లో మనుషులు ఎక్కువయ్యారని కాదు, వారి ఆస్తి, మందలు విస్తారమయ్యాయి కాబట్టి. ఆ వెంటనే మనం సాధారణంగా దాటిపోయే ఒక చిన్న మాట ఉంది. అదే దేశంలో కనానీయులు, పెరిజ్జీయులు కూడా అప్పటికే కాపురం ఉన్నారు. అంటే అక్కడ జనానికి చోటు ఉంది. ఇరుకైంది మందలకు.

తర్వాత జరిగింది మనకు తెలుసు. పెద్దవాడైన అబ్రాము చిన్నవాడికి ముందు కోరుకునే అవకాశం ఇచ్చాడు. లోతు కన్నులెత్తి చూసి, నీళ్లు సమృద్ధిగా ఉన్న యొర్దాను మైదానాన్ని ఏరుకున్నాడు. కాపరుల తగాదాను అబ్రాము తీర్చిన పద్ధతి గమనించండి. ఎదుటివాడి ఇంట్లో తలలు లెక్కపెట్టలేదు. తన వాటాను వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. భూమి చాలుతుందా అన్న ప్రశ్నలో మనుషులు ఎంతమంది అన్నది ఒక భాగం మాత్రమే. ఒక్కొక్కరం ఎంత వాడుకుంటున్నాం, ఎవరి వాటా నుంచి తీసుకుంటున్నాం అన్నవి మిగిలిన భాగాలు. మా దృష్టిలో అవే పెద్దవి.

ఒక పాదిరి వేసిన లెక్క

జనాభా భయానికి పుస్తకరూపం ఇచ్చినవాడు కూడా ఒక దైవసేవకుడే. థామస్ మాల్తస్ ఇంగ్లండు సంఘంలో అభిషేకం పొందిన పాదిరి. 1798లో జనాభా మీద తన గ్రంథాన్ని వెలువరించాడు. జనం రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపులుగా పెరుగుతుంటే పంట ఒకటి, రెండు, మూడు అంటూ మెల్లగా పెరుగుతుందని, చివరికి ఆకలి, రోగం, యుద్ధం ఆ తేడాను సరిచేస్తాయని ఆయన వాదన. అప్పటికి ప్రపంచ జనాభా సుమారు 100 కోట్లు.

ఇప్పుడు దానికి ఎనిమిది రెట్లు ఉన్నాం. ప్రపంచంలో ఏటా పండే ధాన్యం, గోధుమ, మొక్కజొన్న వంటి గింజలన్నీ కలిపితే సుమారు 280 కోట్ల టన్నులు. మనిషికి పంచితే రోజుకు కిలోకు కాస్త తక్కువ. అయినా దాదాపు 70 కోట్ల మంది ఆకలితో పడుకుంటున్నారు. గింజ లేక కాదు. అందులో పెద్ద భాగం పశువుల దాణాకు, కొంత వాహనాల ఇంధనానికి పోతోంది. ఆకలిగా ఉన్నవాడి దగ్గర దాన్ని కొనే డబ్బు లేదు. మాల్తస్ లెక్కలో మనిషికి నోరు ఉంది గానీ చేతులు లేవు. చేతులతో ఏం చేయగలడో తెలుసుకోవడానికి మన తెలుగు నేలే సాక్ష్యం.

గుంటూరు సీమ చెప్పే సాక్ష్యం

1833లో గుంటూరు ప్రాంతాన్ని కరువు కబళించింది. మన పెద్దలు దానిని డొక్కల కరువు అన్నారు. ఆనాటి గుంటూరు జిల్లా జనాభా సుమారు 5 లక్షలు. అందులో లక్షన్నరకు తక్కువ కాకుండా చనిపోయారని చరిత్రకారుల అంచనా. ఒక పక్క కృష్ణా నది సముద్రంలోకి పోతూనే ఉంది. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద, 1855లో విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టలు పూర్తయ్యాయి. గోదావరి పనిని నడిపించిన ఆర్థర్ కాటన్ పేరు డెల్టా గ్రామాల్లో ఇప్పటికీ భక్తితో తలుస్తారు. 2011 జనాభా లెక్కల్లో అవిభక్త గుంటూరు జిల్లా జనం 48 లక్షలు దాటారు. హద్దులు కాస్త మారాయి గానీ, ఐదు లక్షల మందికి అన్నం పెట్టలేకపోయిన సీమ ఇప్పుడు దాదాపు అర కోటి మందిని పోషించి, మిర్చి, బియ్యం బయటికి పంపుతోంది. అదే నేల, అదే నది.

తర్వాత విత్తనం మారింది. 1960ల చివర పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు ఐ.ఆర్.8 వరిని పండించి ఆ దిగుబడితో దేశాన్ని ఆశ్చర్యపరిచారు. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో స్వర్ణ వచ్చింది, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. మనం రోజూ తినే అన్నంలో ఆ శ్రమ ఉంది. దేవుడు మనిషికి ఇచ్చిన బుద్ధి కూడా భూమి వనరుల్లో ఒకటని మాల్తస్ తక్కువగా అంచనా వేశాడు.

అయితే ఈ కథకు రెండో పక్క కూడా ఉంది. 1876 నుంచి 1878 వరకు వచ్చిన ధాత కరువులో దక్షిణ భారతంలో లక్షల మంది చనిపోయారు. ఆ ఏళ్లలోనే మన దేశం నుంచి ఓడల మీద గోధుమలు ఇంగ్లండుకు వెళ్లాయి. రైళ్లున్నాయి, గిడ్డంగులున్నాయి, వర్తకులున్నారు. కూలివాడి చేతిలో డబ్బు మాత్రం లేదు. ఆ సమయంలో ఒంగోలులో సేవచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశారో మన సంఘాలకు చెప్పనక్కర్లేదు. కొలత పనుల్లో ఆయనకు ముందే తర్ఫీదు ఉంది. బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికేలా చేశారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ అంకెను మనం వార్షికోత్సవాల్లో తరచూ తలుచుకుంటాం. దాని ముందున్న మూడున్నర మైళ్ల కాలువను అంతగా తలుచుకోం. బోధించిన సేవకుడే కొలత గొలుసు కూడా పట్టుకున్నాడన్నది ఈనాటి మన ప్రశ్నకు చాలా దగ్గర సంగతి.

పిల్లల లెక్క ఇప్పుడు ఎలా ఉంది?

బీదవాళ్లు ఎక్కువమందిని కనడం వల్లే భూమి చాలడం లేదన్న మాటను కూడా పరీక్షిద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో మన రాష్ట్రంలో ఒక స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2019-21 నాటికి అది 1.7కి దిగింది. ఒక తరం స్థానాన్ని మరో తరం సరిగ్గా నింపాలంటే 2.1 కావాలి. అంటే మన పల్లెల్లో ఇప్పుడు పుడుతున్నవారు వెళ్లిపోయేవారి లోటు తీర్చే సంఖ్యలో కూడా లేరు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994లో చట్టం చేసిన రాష్ట్రమే 2024లో ఆ నిబంధనను ఎత్తేసింది. బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు, మందిరాల్లో సండే స్కూలు తరగతులు చిన్నవవుతున్నాయి.

ప్రపంచం మొత్తం మీద జనాభా ఇంకా పెరుగుతుంది. 2080ల నడుమ సుమారు 1,030 కోట్లకు చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. ఆ అదనపు 200 కోట్ల మందికి తిండి, నీరు సమకూర్చడం చిన్న పని కాదు. దాన్ని మేము తేలిక చేయడం లేదు. కానీ తలకు ఎంత వాడకం అన్న లెక్క చూడండి. ఒక అమెరికా నివాసి ఏడాదికి గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువు సుమారు 14 టన్నులు, భారతీయుడిది సుమారు 2 టన్నులు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడికి ఒక్కడే కొడుకు, రెడ్డిగూడెంలో ఉన్న అన్నకు నలుగురు పిల్లలు అనుకుందాం. భూమి మీద బరువు ఎవరిది ఎక్కువ? సగటు లెక్కన చూస్తే ఆ ఒక్క కొడుకుదే. విదేశాల్లో ఉండి ఈ పేజీ చదివే మన బిడ్డలను నొప్పించాలని కాదు. మామిడి తోటలో కూలికి వెళ్లే తల్లి ఒడిలోని మూడో బిడ్డను చూపించి భూమి చాలదనడం న్యాయం కాదని చెప్పడానికే.

కాబట్టి మన మెట్ట గ్రామాల్లో బోర్లు ఎండుతున్నాయంటే కారణం పిల్లలు పుట్టడం కాదు. మరి ఏమిటి?

జీతమూ డిపాజిట్టూ

డెల్టా రైతుకు కాలువలో వచ్చే నీరు నెలజీతం లాంటిది. ఏటా వానలు కురుస్తాయి, నది నిండుతుంది, వచ్చింది వాడుకుంటాడు. మెట్ట రైతుకు బోరు నీరు బ్యాంకులో వేసుకున్న డిపాజిట్టు లాంటిది. వానలకు నేలలో ఇంకింది జమ, మోటారు లాగింది ఖర్చు. ఖర్చు జమను మించితే అసలు కరుగుతుంది. పాస్‌బుక్కు లేదు కాబట్టి అది ఎవరికీ కనబడదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములకు నీరు సరిగా అందక, చింతలపూడి ఎత్తిపోతల పథకం ద్వారా గోదావరి నీరు వస్తుందని ఎదురుచూస్తున్న మన మెట్ట గ్రామాలకు ఈ డిపాజిట్టే దిక్కు.

ఇది మన ఒక్క మండలం సంగతి కాదు. ప్రపంచం మొత్తం భూమి లోపలి నుంచి తోడే నీటిలో దాదాపు నాలుగో వంతు భారతదేశమే తోడుతోంది. అందులో పదింట దాదాపు తొమ్మిది వంతులు సాగుకే వెళ్తాయి. మన రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉంది. చిన్న రైతు బతకడానికి అది చేసిన మేలును మేము కాదనం. కానీ మీటరు తిరగని చోట మోటారు ఆపాలని ఎవరికీ గుర్తు రాదన్నది కూడా నిజం. 2002లో వచ్చిన వాల్టా చట్టం బోరు వేయడానికి అనుమతి ఉండాలని, తాగునీటి వనరులను కాపాడాలని చెబుతుంది. అనుమతి తీసుకుని బోరు వేసినవారు మీ ఊరిలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

మామిడి చెట్టు, పామాయిల్ చెట్టు

నూజివీడు సీమ అనగానే దేశమంతటికీ గుర్తొచ్చేది మామిడి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు. పుష్య మాఘాల్లో పూత, వేసవిలో కోత, నున్న మార్కెట్టు నుంచి ఉత్తరాదికి లారీలు. కాపుకొచ్చిన మామిడి చెట్టు వేరు లోతుకు పోతుంది. పిందె పడి కాయ ఊరే రోజుల్లో తడులిస్తే చాలు, ఏడాదిలో ఎక్కువ భాగం వాన మీదే బతుకుతుంది. మెట్ట నేలకు పెద్దలు ఊరికే ఈ పంటను ఎంచుకోలేదు.

ఇప్పుడు చాలాచోట్ల ఆ తోటలు కొట్టేసి పామాయిల్ వేస్తున్నారు. కారణాలు మనకు తెలుసు. తామర పురుగు పూతను తినేస్తోంది, మంచు, అకాల వాన మిగిలినదాన్ని రాలుస్తున్నాయి, కాయ చేతికొచ్చేసరికి ధర పడిపోతోంది. పామాయిల్ అయితే ఏడాది పొడవునా గెలలు వస్తాయి, ఫ్యాక్టరీ కొంటుంది, మొక్కలకూ డ్రిప్పుకూ సబ్సిడీ ఉంది. మనం వాడే వంటనూనెలో సగానికి పైగా విదేశాల నుంచి వస్తోంది కాబట్టి కేంద్రం 2021లో ప్రత్యేక మిషన్ కూడా పెట్టింది. పిల్లల చదువుకు నెలనెలా డబ్బు కావలసిన రైతు ఆ వైపు వెళ్లడం తప్పు అనే హక్కు మాకు లేదు.

కానీ లెక్క వేయకుండా వెళ్లడం మాత్రం ప్రమాదం. ఎకరానికి 57 పామాయిల్ మొక్కలు పడతాయి. కాపు చెట్టుకు వేసవిలో రోజుకు 200 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. అంటే ఎకరానికి రోజుకు 11,400 లీటర్లు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి రోజుకు ఇవ్వాలని ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం 55 లీటర్లు. భాగించి చూడండి. ఒక్క ఎకరం తోట ఒక్క వేసవి రోజున తాగేది 200 మందికి పైగా మనుషుల వాటా. ఒక చిన్న సంఘం మొత్తం స్నానానికీ వంటకూ తాగడానికీ వాడుకునే నీరు అది.

జమ వైపు కూడా చూద్దాం. మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం మీద ఆ వాన 40 లక్షల లీటర్లు. కానీ రాతి పొరలున్న మెట్ట నేలల్లో లోపలికి ఇంకేది దాదాపు పదో వంతు, అంటే 4 లక్షల లీటర్లు. ఎకరం పామాయిల్‌కు వేసవిలో వంద రోజులు నీరు పెడితే అయ్యే ఖర్చు 11 లక్షల లీటర్లు దాటుతుంది. ఇది చేతి లెక్కే, నేలను బట్టి, తోట వయసును బట్టి మారుతుంది. అయినా సంగతి తేటగానే ఉంది. ఒక ఎకరం తోట దాదాపు మూడు ఎకరాల జమను లాగుతోంది. మిగిలిన రెండు ఎకరాలు ఎవరివి?

ఒకే బల్ల దగ్గర

ఆ రెండు ఎకరాలు పక్క రైతువి. ఆ రైతు చాలాసార్లు మన సంఘంలోనే ఉంటాడు. బోరు, కేసింగు, మోటారు, కరెంటు కనెక్షను కలిపితే ఖర్చు లక్ష దాటుతుంది. ఆ సొమ్ము ఉన్నవాడు ఇంకా లోతుకు వెళ్తాడు. లేనివాడి పాత బోరు ఎండుతుంది, అంతకంటే ముందు ఊరి చేతిపంపు, తాగునీటి బావి ఎండుతాయి. భూమి లేని కూలి కుటుంబం ఏ పంటకు ఎంత నీరు అన్న నిర్ణయంలో ఎక్కడా లేదు. నీరు లేని ఫలితం మాత్రం ముందు ఆ ఇంటికే వస్తుంది. బిందె పట్టుకుని ఎక్కువ దూరం నడిచేది ఆ ఇంటి ఆడపిల్లే.

కొరింథు సంఘంలో ప్రభురాత్రి భోజనానికి కూడుకున్నప్పుడు ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తుగా ఉన్నాడని పౌలు కఠినంగా గద్దించాడు. కూడుకోవడం మేలుకు కాక కీడుకే అయిందన్నాడు. మూడు బోర్లున్న సహోదరుడూ, ట్యాంకరు కోసం వేచి ఉన్న సహోదరీ ఒకే పాత్రలోనిది తాగి ఇళ్లకు వెళ్తున్నప్పుడు ఆ మాట మనకు కూడా వర్తిస్తుందని మేము నమ్ముతున్నాం. దేవుడు ఆదామును తోటలో ఉంచినప్పుడు రెండు పనులు అప్పగించాడు, సేద్యం చేయడం, కాపాడడం. మొదటి పనిలో మనవారు ఎవరికీ తీసిపోరు. రెండో పనిని మనం ఎవరికి అప్పజెప్పాం?

సంఘం ఏం చేయగలదు?

ప్రార్థించగలదు. ప్రార్థిస్తూనే ఈ నాలుగు పనులు కూడా చేయగలదు.

మొదటిది, కొలవడం. ప్రతి ఊరిలో ఒకటి రెండు పాత బావులు ఉంటాయి. నెలకొకసారి తాడుకు బరువు కట్టి నీటి మట్టం చూసి, మందిరం బోర్డు మీద కానుకల లెక్క పక్కన ఆ అంకె రాయండి. భూగర్భ జలశాఖ వారు మండలాల్లో మట్టం కొలిచే గొట్టపు బావులు పెట్టారు, ఆ వివరాలు అడిగి తెలుసుకోవచ్చు. యౌవనస్థుల కూటమికి ఇంతకంటే మంచి పని దొరకదు.

రెండోది, పంటకు ముందే కూర్చుని మాట్లాడుకోవడం. ఇది సాధ్యమేనని చూపించినవారు మన తెలుగు రైతులే. 2000ల దశకంలో అనంతపురం, ప్రకాశం, నల్లగొండ, మహబూబ్‌నగర్ వంటి ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాలను కొలిచి చూసుకునే పథకం ఒకటి నడిచింది. పెద్ద చదువులు లేని స్త్రీ పురుషులు వాన ఎంత పడిందో, బోరులో మట్టం ఎంత ఉందో రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరు ఎంత, వేయాలనుకున్న పంటలకు కావలసింది ఎంత అని లెక్క చూసుకున్నారు. ఎవరినీ బలవంతపెట్టలేదు. లెక్క కళ్లముందు కనబడేసరికి చాలామంది తక్కువ నీటి పంటల వైపు మళ్లారు. రెడ్డిగూడెం, రంగాపురం, మద్దులపర్వ రైతులు ఆ పని చేయలేరా? కూర్చోవడానికి చోటు కావాలంటే మందిరం ఉంది. మన సంఘంవారే కాదు, ఊరందరూ రావాలి. నేల లోపలి నీటికి ఏ మతమో తెలియదు.

మూడోది, మందిరం పైకప్పు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద ఏడాదిలో సుమారు 90 వేల లీటర్ల వాన పడుతుంది. ఇప్పుడది గొట్టం గుండా వీధిలోకి పోతోంది. కొంత ఇసుక, కంకర వేసిన ఇంకుడు గుంటకో, ఎండిన బోరు పక్కన తీసిన గుంతకో దాన్ని మళ్లించడానికి పెద్ద ఖర్చు కాదు. కొత్త మందిరం కట్టేవారు గోపురం ఎత్తు గురించి చేసే చర్చలో పదో వంతు దీని గురించి చేసినా చాలు.

నాలుగోది, మన విందులు. 2022లో ప్రపంచంలో తినేవారికి అందుబాటులో ఉన్న ఆహారంలో 19 శాతం, అంటే 105 కోట్ల టన్నులు చెత్తలోకి పోయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క. కిలో బియ్యం పండడానికి రెండున్నర వేల లీటర్లకు పైగా నీరు ఖర్చవుతుంది. పెళ్లి విందులో, గృహప్రవేశంలో, ప్రేమవిందులో ఆకులతో పాటు పారేసే పది కిలోల అన్నం ఒక పెద్ద ట్యాంకరు నీరు పారబోసినట్టే. ఐదు వేలమందికి ఆహారం పెట్టిన ప్రభువు, అంత అద్భుతం చేయగలిగినవాడై ఉండి కూడా మిగిలిన ముక్కలు వృథా కాకుండా పోగుచేయమని శిష్యులకు చెప్పాడు. పన్నెండు గంపలు నిండాయి. దేవుడు పోషిస్తాడన్న విశ్వాసానికీ, ఒక్క ముక్క కూడా పారేయకూడదన్న జాగ్రత్తకూ వైరం లేదని ఆ గంపలు చెబుతున్నాయి.

ఇస్సాకు తవ్విన మూడో బావి

ఆదికాండము 26లో ఇస్సాకు గెరారు లోయలో బావులు తవ్వించాడు. మొదటి బావి దగ్గర అక్కడి కాపరులు నీళ్లు మావే అని జగడమాడారు. దానికి ఏశెకు అని పేరు. రెండోదాని దగ్గరా విరోధమే. అది శిత్నా. అతను అక్కడి నుంచి కదిలి మూడోది తవ్వించాడు. దాని కోసం ఎవరూ జగడమాడలేదు. దానికి రహెబోతు అని పేరు పెట్టి, ఇప్పుడు దేవుడు మాకు ఎడము కలుగజేశాడని సంతోషించాడు.

మనం ఇస్సాకులా ముందుకు కదలలేం. మన రెండు ఎకరాలు ఉన్నచోటే ఉంటాయి. ఇంకో బోరు వేసినా అది కింద పక్కవాడి నీటిలోనే దిగుతుంది. కాబట్టి మన కాలంలో రహెబోతు ఇంకా లోతుకు తవ్వితే దొరికేది కాదు. నీళ్లు మావే అని ఎవరూ అనకుండా ఊరు ఒక మాట మీదికి వచ్చినచోట దొరుకుతుంది. ఈ భూమి 800 కోట్ల మందిని మోస్తోంది, 1,000 కోట్ల మందిని కూడా మోయగలదనే మా నమ్మకం. కొలత లేకుండా తోడుకునేవారిని మాత్రం ఎంత కొద్దిమంది అయినా మోయలేదు.

వచ్చే ఆదివారం బోరు కోసం ప్రార్థన మనవి వచ్చినప్పుడు కాపరులు తప్పక ప్రార్థించండి. ప్రార్థన అయ్యాక ఒక్క మాట అడగండి: ఈ నీళ్లు ఎంత ఉన్నాయో మనలో ఎవరైనా కొలిచారా? జవాబు రాకపోతే ఆ సాయంత్రమే తాడు తీసుకుని బావి దగ్గరకు వెళ్లండి. పొలాల్లో నీళ్లున్న పెద్దలు, నీళ్లు లేని ఇళ్లవారు కలిసి వెళ్లండి. మన తోటలను, వాటి కింద మనకు కనబడని నీటిని, వాటి మీద ఆధారపడి బతికే ప్రతి ఇంటిని ప్రభువు కాపాడును గాక. వాటిని కాపాడే పనిలో మన చేతులను కూడా వాడుకొనును గాక. ఆమేన్.